మజరూని ఒడ్డున చేదు కర్రపెండలం

మాది పెద్దాపురం దగ్గర మెట్ట పల్లె. సగ్గుబియ్యం మిల్లులకు కర్రపెండలం తోలే రైతు కుటుంబం. దుంప తవ్వే రోజుల్లో నాన్న గట్టు మీద కంప మంట వేసి రెండు దుంపలు అందులో పడేసేవాడు. పైతొక్క మాడి, లోపల తెల్లగా పిండిలా విచ్చుకునేది. ఊదుకుంటూ తినేవాళ్ళం. అలా పెరిగినదాన్ని, 2016లో దక్షిణ అమెరికాలోని గయానా దేశపు అడవుల్లో, మజరూని నది ఎగువన అకవాయో అనే ఆదివాసీల ఊళ్ళో దిగిన మొదటి సాయంత్రం పొయ్యి పక్కన గుట్టగా పోసి ఉన్న కర్రపెండలం చూడగానే ప్రాణం లేచొచ్చింది. చెక్కు తీసిన ముక్క ఒకటి విరిచి నోటి దగ్గర పెట్టుకున్నాను. ఆ ఇంటి ఆంటీ ఒక్క అంగలో వచ్చి నా మణికట్టు పట్టేసుకుంది.

"ఇది తీపిది కాదమ్మాయ్, చేదు దుంప. తిన్నావంటే రేపు నిన్ను పడవలో పడుకోబెట్టి తీసుకెళ్ళాలి."

ఆ ఊళ్ళో మూడు నెలలు ఉన్నాను. అక్కడి బతుకు గురించి నాకు తెలిసిందంతా ఆ దుంపతోనే మొదలైంది.

ముందు అక్కడికి ఎలా చేరానో చెప్పాలి. ఎంబీబీఎస్ చదవడానికి గయానా వెళ్ళే తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. నేనూ రాజధాని జార్జ్‌టౌన్‌లో చదివాను. ఆ దేశంలో ఎనభై శాతానికి పైగా అడవే. జనమంతా సముద్రం అంచున సన్నటి పట్టీలో ఉంటారు. చదివినన్నాళ్ళూ నేను చూసింది ఆ పట్టీనే: చెరకు తోటలు, కాలవలు, మార్కెట్టు. 1838 నుంచి 1917 దాకా చెరకు తోటల్లో కూలికి ఓడల్లో తెచ్చిన మన దేశం వాళ్ళ మనవలు, మునిమనవలు అక్కడ లక్షల్లో ఉన్నారు. మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్ళలో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ సంతతిని ఇప్పటికీ 'మద్రాసీలు' అనే పిలుస్తారు, వాళ్ళు కట్టుకున్న కాళీమాయి గుళ్ళు ఉన్నాయి. అంతవరకూ నాకు అది పరాయి దేశంలా అనిపించలేదు. చదువు అయ్యాక ఒక స్వచ్ఛంద వైద్య బృందం వాళ్ళు లోపలి ఊళ్ళకు మనుషులు కావాలంటే పేరిచ్చాను.

ఎగువ మజరూనికి రోడ్డు లేదు. ఓగిల్ విమానాశ్రయంలో చిన్న విమానం ఎక్కాలి. సంచులతో పాటు మనల్నీ తూకం వేస్తారు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆ బరువును బట్టే చెబుతారు. గంటకు పైగా కిందంతా అడవే. ఇరికించి పేర్చిన కొత్తిమీర కట్టల్లా ఎక్కడా సందు లేదు. మధ్యమధ్యలో మాత్రం పసుపు పచ్చటి బురద గుంటలు, బంగారం తవ్వకాలు. కమరాంగ్ నది మజరూనిలో కలిసే చోట, కమరాంగ్ అనే ఊరి మట్టి రన్‌వే మీద దిగాం. అక్కడి నుంచి పడవలో ఒక పూట ప్రయాణం.

నది రంగు అచ్చం కాఫీ డికాక్షన్. కుళ్ళిన ఆకుల పసరు దిగి అలా అవుతుంది. మురికి కాదు. చెయ్యి ముంచితే వేళ్ళు రాగి రంగులో కనబడతాయి. మోచెయ్యి దాకా ముంచితే ఇక కనబడవు. గోదావరి ఎర్రనీళ్ళు చూసి పెరిగిన నాకు ఆ నల్లటి నిశ్చలత్వం మొదట్లో భయం పుట్టించింది.

ఊరంటే నలభై ఇళ్ళ లోపే. గుంజల మీద ఎత్తుగా చెక్క ఇళ్ళు, కొన్నింటికి తాటాకు లాంటి ఆకు కప్పు, కొన్నింటికి రేకు. బడి, చర్చి, హెల్త్ పోస్ట్, ఊరి మధ్య బంతాట మైదానం. ఊరి పెద్దను తుషావ్ అంటారు. మూడేళ్ళకోసారి ఎన్నుకుంటారు. 2006 నాటి అమెరిండియన్ చట్టం, అంటే ఆదివాసీల చట్టం ప్రకారం బయటివాళ్ళు ఊళ్ళో ఉండాలంటే ఊరి కౌన్సిల్ అనుమతి ఉండాలి. కాబట్టి మొదట ఆయన ముందు నిలబడి నేనెవరినో, ఎన్నాళ్ళుంటానో, ఏం చేస్తానో చెప్పుకున్నాను. ఆయన అంతా విని, "అందరం వైద్యం చేయించుకుంటాం. నువ్వు మా తిండి తినాలి" అన్నారు. నేను మర్యాదకు అన్న మాట అనుకున్నాను. అది షరతని తరువాత అర్థమైంది.

ఎందుకంటే అక్కడ బియ్యం, పంచదార, ఉల్లిపాయ, సబ్బు అన్నీ విమానం ఎక్కి రావాలి. జార్జ్‌టౌన్ ధరకు రెండు మూడింతలు. వచ్చిన డాక్టరు బియ్యం అన్నమే కావాలంటే ఆ ఇంటివాళ్ళు అప్పు చేసి తెస్తారు. అంతకుముందు వచ్చిన కొందరితో అలా జరిగిందని ఆంటీ చెప్పింది, పేర్లు చెప్పలేదు. నేను తెచ్చుకున్న ఐదు కిలోల బియ్యం ఆ రోజే ఇంట్లో అందరికీ కలిపి ఇచ్చేశాను. మర్నాడు ఆంటీ వెంట తోటకు వెళ్ళాను.

వాళ్ళు తోట అనేది మన ఏజెన్సీలో పోడు లాంటిదే. అడవిలో ఒక ముక్క కొట్టి, ఎండబెట్టి, కాల్చి నాటుతారు. రెండు మూడు పంటలయ్యాక ఆ ముక్కను అడవికే వదిలేసి మరోచోటికి పోతారు. దోనెలో గంట తెడ్డు వేసి, ఇంకాసేపు నడిస్తే ఆంటీ తోట వచ్చింది. కాలిన మొద్దుల మధ్య మనిషెత్తు కర్రపెండలం. ఆ ఆకు, ఆ కాండం మీద గణుపులు చూసి నాకు గొంతు పట్టేసింది. మా చేను అది. కాండం ఊపి దుంపలు పెకలించాక ఆంటీ అదే కర్రను జానెడు ముక్కలుగా నరికి అదే చోట గుచ్చేసింది. మా నాన్నా అంతే చేస్తాడు. కాకపోతే మేం చాళ్ళు తీసి నాటుతాం, వాళ్ళు మొద్దు పక్కన ఎక్కడ మట్టి ఉంటే అక్కడ. ఈ మొక్క పుట్టిందే ఆ ఖండంలో అని, పోర్చుగీసువాళ్ళు మన వైపు తెచ్చారని పుస్తకంలో చదువుకున్నదే. ఆ మొద్దు మీద కూర్చుని చూస్తే గానీ నమ్మబుద్ధి కాలేదు.

"తీపి దుంపే నాటుకోవచ్చు కదా ఆంటీ, ఇంత కష్టమెందుకు?" అని అడిగాను.

"తీపిది నాటితే అడవిపందికీ లబ్బాకీ పెట్టినట్టే. ఇది మాత్రం మా కోసం ఆగుతుంది" అంది. లబ్బా అంటే చుక్కల ఒంటితో కుందేలుకన్నా పెద్దగా ఉండే అడవి జంతువు. ఆగుతుంది అన్న మాట నిజం. దుంపను నేలలోనే నెలల తరబడి ఉంచి, కావలసినప్పుడు తవ్వుకోవచ్చు. ధాన్యపు గాదె అక్కర్లేదు. ఆకులు కత్తిరించుకుపోయే అకూషి చీమలొక్కటే ఆమె పగ. వాటి పుట్ట కనబడితే చేతిలో ఎంత పనున్నా ఆపేసేది.

దుంపలు మోసేది వరిషి అనే అల్లిక బుట్టలో. వీపున వేలాడుతుంది, పట్టీ నుదుటి మీదుగా వస్తుంది, బరువంతా మెడ మీదే. ఆంటీకి అరవై దాటాయి. ఆమె బుట్ట నేను లేపలేకపోయాను.

ఇంటికొచ్చాక అసలు పని. చెక్కు తీసి, కడిగి, మేకుతో తూట్లు పొడిచిన రేకు మీద తురమాలి. గంటలో నా వేలి కణుపులు చెక్కుకుపోయాయి. చేదు దుంప రసం తగిలి మండుతుంటే ఆంటీ కూతురు నీళ్ళు పోసి కడిగి, పట్టుకునే పద్ధతి మార్చింది. అరచేయి మడమతో నెట్టాలి, వేళ్ళు ఎత్తి ఉంచాలి. కాలేజీలో చదివిన సంగతి అప్పుడు కళ్ళ ముందు జరుగుతోంది. దుంపలో లినమారిన్ అనే పదార్థం ఉంటుంది. కణాలు చితికినప్పుడు అది దుంపలోనే ఉన్న ఎంజైముతో కలిసి చివరికి సైనైడ్ వదులుతుంది. మన దుంపల్లోనూ ఉంటుంది, కాకపోతే తక్కువ. వీళ్ళ దుంపలో ఉన్నది ప్రాణం తీసేంత. దాన్ని రోజూ తిండిగా మార్చడం ఏ ప్రయోగశాలా లేకుండా వీళ్ళ పూర్వీకులు కనిపెట్టారు.

అందుకు సాధనం మటాపీ. నా ఎత్తు కన్నా పొడవున్న అల్లిక గొట్టం, పొడవాటి జడలా ఉంటుంది. పైన ఒక ఉచ్చు, కింద ఒక ఉచ్చు. రెండు చివర్లూ దగ్గరికి నొక్కితే పొట్టిగా, లావుగా ఉబ్బుతుంది. అప్పుడు తడి తురుము కూరతారు. పై ఉచ్చును దూలానికి తగిలించి, కింది ఉచ్చులో కర్ర దూర్చి, ఆ కర్ర ఒక కొన గుంజకు ఆనించి రెండో కొన మీద కూర్చుంటారు. మనిషి బరువుకి మటాపీ సాగుతుంది, సాగే కొద్దీ సన్నబడుతుంది, సన్నబడే కొద్దీ లోపలి తురుమును పిండేస్తుంది. అల్లిక సందుల్లోంచి పాలలాంటి రసం ముందు ధారగా, తరువాత చుక్కలుగా కింద బేసిన్‌లో పడుతుంది. మర యంత్రం లేదు, ఇనుము లేదు. నేనూ ఆంటీ మనవరాలూ ఆ కర్ర మీద పక్కపక్కనే కూర్చున్నాం. ఆ పిల్ల నాకు అకవాయో మాటలు నేర్పుతూ ఉండేది. కాళ్ళ కింద చుక్కలు పడే శబ్దం ఆగితే ఇక దిగొచ్చని లెక్క.

ఆ రసం బేసిన్‌ను ఆంటీ తన కళ్ళ ముందు నుంచి కదలనిచ్చేది కాదు. కోడిపిల్ల తాగినా చచ్చిపోతుంది. కాసేపటికి అడుగున తెల్లటి పిండి దిగుతుంది. మా వైపు మిల్లు తొట్టెల్లో దిగినట్టే, అదే మెరుపు, వేలితో నొక్కితే అదే కిరకిర. పైన తేరిన రసాన్ని వంచి ఆరుబయట పెద్ద కుండలో గంటల తరబడి మరిగిస్తారు. విషం ఆవిరైపోతుంది. చివరికి బెల్లం పాకంలా చిక్కగా, నల్లగా మిగిలేది కసరీప్. దాంతోనే తూమా అనే కారం పులుసు. చేపో, వేట మాంసమో, మిరపకాయలో వేసి కాస్తారు, రోజూ మరిగిస్తూ ఉంటే రోజుల తరబడి పాడవదు. ఫ్రిజ్ లేని ఊళ్ళో మాంసం దాచే పద్ధతి కూడా ఆ విషపు రసంలోంచే వచ్చింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మటాపీలోంచి తీసిన ముద్ద గట్టిగా దుంగలా ఉంటుంది. దాన్ని విరిచి, జల్లించి, పెద్ద ఇనప పెనం మీద గుండ్రంగా పరుస్తారు. నూనె లేదు, నీళ్ళు లేవు. సెగకు ఆ పొడి తనలో ఉన్న తడితోనే అంటుకుని రొట్టె అవుతుంది. విసనకర్రతో తిరగేసి, తరువాత ఇంటి కప్పు మీద ఎండబెడతారు. ఊరికి తిరిగొచ్చే పడవకు ముందు కనబడేవి కప్పుల మీద ఆ తెల్లటి చక్రాలే. మొదటి వారం నాకు ఆ రొట్టె రంపపు పొట్టు నమిలినట్టు ఉంది. తూమాలో ముంచి మెత్తబడనిచ్చి తినడం తెలిశాక ఇక అన్నం గుర్తు రాలేదు.

రోజులు నదిని బట్టి నడిచేవి. స్నానం, బట్టలు, గిన్నెలు అన్నీ రేవులోనే. తాగడానికి మాత్రం కప్పు మీద నుంచి డ్రమ్ముల్లోకి పట్టిన వాననీళ్ళు. రేవులో కబౌరా అనే నలుసంత ఈగలు కుడతాయి, కుట్టిన చోట రక్తపు చుక్క నిలుస్తుంది. నా కాళ్ళు నెల తిరిగేసరికి దద్దుర్లతో నిండిపోయాయి. తెల్లవారుజామున అడవిలోంచి పెనుగాలి హోరులాంటి అరుపు వినబడేది. అక్కడ బబూన్ అంటారు గానీ అది ఎర్రటి అరుపు కోతి. రాత్రి వెలుతురుకు చిన్న సోలార్ పలక, ఒక బల్బు. కబుర్లకు హెల్త్ పోస్ట్‌లో రేడియో సెట్టు. పొద్దున్నా సాయంత్రం ఊళ్ళన్నీ వంతుల వారీగా మాట్లాడుకునేవి.

దూరం ఎంతని అడిగితే ఎవరూ మైళ్ళలో చెప్పరు. "ఎనిమిది గ్యాలన్లు" అంటారు, పోనూ రానూ. పెట్రోలు కూడా విమానంలోనే వస్తుంది కాబట్టి జబ్బు చేసిన మనిషి బతుకు ఆ లెక్క మీదే ఆగుతుంది. నేను వెళ్ళిన ఆరో వారం గనిలో పని చేసి వచ్చిన కుర్రాడొకడు జ్వరంతో తెలివి తప్పాడు. రక్తం చుక్క పరీక్షలో ఫాల్సిపారం మలేరియా, ప్రాణం మీదికి తెచ్చే రకం. మూర్ఛ వచ్చింది. మా దగ్గరున్న మాత్రలు మింగే స్థితి లేదు. సూది మందు మా దగ్గర లేదు. రేడియోలో కమరాంగ్‌కు విమానం అడిగాం, మర్నాటి పొద్దున వస్తుందన్నారు. పడవకు పెట్రోలు లేదు.

అప్పుడు చూశాను ఆ ఊరిని. ఒక్కొక్కరూ ఇంట్లో ఉన్నది తెచ్చారు. ఒకరు సగం డబ్బా, ఒకరు సాస్ సీసాలో, ఒక ముసలాయన మోటారు రంపానికని దాచుకున్న లీటరు. ట్యాంకు మూతి మీద పాత బనియను గుడ్డ పరిచి వడగడుతూ పోశారు. ఎవరిది ఎంతో తుషావ్ నోటుబుక్కులో రాశారు. రాత్రంతా టార్చి వెలుతురులో ప్రయాణం. వానలు వెనకబట్టి నీళ్ళు తగ్గిన రోజులు. రాళ్ళ మెట్టల దగ్గర మగవాళ్ళు నడుం లోతు నీళ్ళలో దిగి పడవను చేతులతో మోసినట్టు దాటించారు. కుర్రాడి తల నా ఒళ్ళో ఉంది. ఐదు నిమిషాలకోసారి ఊపిరి చూసుకోవడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు. తెల్లారాక విమానం వచ్చింది. వాడు బతికాడు. రెండు వారాలకు రేడియోలో వాడి గొంతు వింటే ఆంటీ చేతిలో జల్లెడ కింద పెట్టేసి ఏడ్చింది.

నల్లనీళ్ళ నదుల దగ్గర దోమ తక్కువేనంటారు. గనుల దగ్గర నీళ్ళు నిలిచిన గుంటలు, దోమతెర లేని పాకలు, ఊరూరా తిరిగే మనుషులు. జ్వరం అక్కడి నుంచి వస్తుంది. బంగారాన్ని పట్టే పాదరసం నీళ్ళలో కలిసి చేపలోకి చేరుతుంది. కానీ కుర్రాళ్ళకు నోటు కనిపించే పని అదొక్కటే. బడి యూనిఫారం, పెట్రోలు, సబ్బు దేనికైనా గని డబ్బే. వెళ్ళొద్దని చెప్పే హక్కు నాకు ఉందని ఎప్పుడూ అనిపించలేదు. దోమతెర తీసుకెళ్ళు, మాత్రలు సగంలో ఆపకు, అని మాత్రం ప్రతి ఒక్కరికీ చెప్పాను.

తొమ్మిదో వారం నాకూ వచ్చింది. మధ్యాహ్నం ఎండలో ఉండగా వెన్నులోంచి చలి. దుప్పట్లు మూడు కప్పినా పళ్ళు కొట్టుకుంటూనే ఉన్నాయి. మా నానమ్మ మన్యం జ్వరమని చెప్పేది ఇదేనని అర్థమైంది. హెల్త్ పోస్ట్ నడిపేది ఆ ఊరి అమ్మాయే. నా వేలు పొడిచి, గాజు పలక మీద చుక్క పరిచి, మైక్రోస్కోప్‌లో చూసి "వైవాక్స్ అక్కా" అంది. మలేరియాలోనే ఇంకో రకం. మూడు రోజులు క్లోరోక్విన్, పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్. కాలేయంలో దాక్కున్న క్రిమిని చంపేది ఈ రెండోదే. జ్వరం తగ్గగానే జనం ఆపేసేది కూడా దీన్నే. ఆ అమ్మాయి రోజూ సాయంత్రం వచ్చి నా చేత మింగించి, నోరు తెరిపించి చూసి మరీ వెళ్ళేది. నేను డాక్టరునని ఒక్క రోజు కూడా వదిలిపెట్టలేదు. ఆంటీ రొట్టెను నీళ్ళలో నానబెట్టి, పలచటి గంజిలా చేసి పట్టించేది.

జ్వరం నుంచి లేచిన రోజుల్లో ఎక్కువసేపు ఆ ఇంటి అంకుల్ దగ్గర కూర్చునేదాన్ని. అక్కడ దుంప పని ఆడవాళ్ళది, అల్లిక మగవాళ్ళది. ఆయన కొత్త మటాపీ అల్లుతున్నారు. అల్లుతూనే ఎదురు ఒడ్డున ఒక పెద్ద చెట్టు చూపించి, "ఆనకట్ట కట్టి ఉంటే ఆ చిటారు కొమ్మ మీదుగా చేపలు తిరిగేవి" అన్నారు. 1970లలో ఎగువ మజరూని మీద పెద్ద జలవిద్యుత్ ఆనకట్ట కట్టాలని అప్పటి ప్రభుత్వం అనుకుంది. అకవాయోలు వద్దన్నారు. అది కట్టనే లేదు. తరువాతి ఏళ్ళలో పోలవరం కింద మా దేవీపట్నం వైపు ఊళ్ళు ఖాళీ అవుతుంటే నాకు ఆ చెట్టే గుర్తొచ్చేది.

ఆయన అల్లికను రోజూ చూశాను. ఈనెలు ఎలా చీలుస్తారో, ఏ ఈనె మీదుగా ఏది పోతుందో అంతా. కానీ మొదలు పెట్టిన పొద్దున నేను జ్వరంలో ఉన్నాను. ఆ మొదటి ముడి ఎలా వేశారో చూడలేదు. అడిగితే ఆయన నవ్వి, "తరువాతి దానికి ఉంటావుగా" అన్నారు.

ఉండలేదు. వెళ్ళే రోజు ఆ మటాపీనే చుట్టచుట్టి నా చేతిలో పెట్టారు. ఆంటీ నాలుగు రొట్టెలు పాత పిండి సంచిలో కట్టింది. లబ్బా మాంసం తిని, వాగు నీళ్ళు తాగినవాళ్ళు గయానాకు మళ్ళీ వస్తారని అక్కడ సామెత. రేవులో నిలబడి దోసిలితో నీళ్ళు తాగించింది. కమరాంగ్‌లో తూకం వేసినప్పుడు నేను వచ్చినప్పటికన్నా ఆరు కిలోలు తక్కువున్నాను.

ఇంటికొచ్చాక మటాపీని మా దూడల కొట్టం దూలానికి కట్టి, దుంప తురిమి, నాన్నను కర్ర మీద కూర్చోబెట్టాను. రసం ధార కట్టగానే ఆయన లేచి, అల్లికను సాగదీసి, వదిలి, మళ్ళీ సాగదీసి చూశాడు. మర్నాడు దాన్ని ఊళ్ళో తట్టలు, బుట్టలు అల్లే ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాడు. ఆయన రెండు రోజులు తన దగ్గరే ఉంచుకున్నాడు. మూడో రోజు స్వయంగా మా ఇంటికి తెచ్చి, అరుగు మీద జాగ్రత్తగా పెట్టి, "వెదురుతో వస్తుందండీ. కానీ ఎక్కడ మొదలుపెట్టారో దొరకలేదు" అన్నాడు.